ఇనుప బీరువాలో తోలుబొమ్మలు

ఈమధ్య కొత్తగా పత్రికల్లో చేరిన నలుగురు విలేకరులు మా ఇంటికి వచ్చారు. మాటల మధ్య ఒకతను అడిగాడు: "మీరు రాసిన వార్తల్లో సర్కారు వెంటనే కదిలింది దేనికి సార్?"

బావి తవ్వించిన కథో, బడి తెరిపించిన కథో చెబుతానని వాళ్ళు ఎదురుచూసినట్టున్నారు. ఒక ఊరి బావి కోసం పదకొండుసార్లు రాశాను, తవ్వలేదు. ఒక వాగు మీద వంతెన కోసం రాసి రాసి నేనే విసిగిపోయాను. సర్కారు తనంతట తాను జీపు వేసుకుని, నెల తిరక్కుండా కదిలిన వార్త నా మొత్తం ఉద్యోగంలో ఒక్కటే ఉంది. అది రాయకుండా ఉండవలసింది.

ఆ మాట వాళ్ళకు చెప్పలేదు. కాఫీ ఇచ్చి పంపించేశాను. వాళ్ళు వెళ్ళాక రెండు రోజులు నా మీద నాకే ఒళ్ళు మండింది. అడిగిన వాళ్ళకు చెప్పకుండా దాచుకుంటే ఇన్నేళ్ళు ఈ పని చేసి ఏం నేర్చుకున్నట్టు? అందుకే ఇప్పుడు రాస్తున్నాను. శాంతంగా రాయడం మాత్రం నా వల్ల కాదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను ఆత్మకూరు విలేకరిని. మద్రాసులో అచ్చయ్యే ఒక తెలుగు దినపత్రికకు రాసేవాణ్ణి. వార్త కవరులో పెట్టి నెల్లూరు బస్సు డ్రైవరు చేతికిస్తే అది రైలెక్కి మద్రాసు చేరేది. మూడో రోజుకు అచ్చయి అదే బస్సులో తిరిగి వచ్చేది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఎక్కడికి వెళ్ళినా ముందు శీర్షిక తోచేది, ఆ తర్వాత విషయం కనబడేది. దాన్ని చురుకుదనం అనుకునేవాణ్ణి.

ఆ ఏడు కార్తీక మాసంలో ఉదయగిరిలో ఒక సభ ఉందంటే వెళ్ళాను. మాట్లాడవలసిన పెద్దమనిషి రాలేదు, సభ జరగలేదు. వట్టి చేతులతో తిరిగి వెళ్ళడం ఇష్టం లేక ఏదైనా విశేషముందా అని బజారులో అడిగితే, కొండ కింద పల్లెలో తోలుబొమ్మలాట ఆడించే కుటుంబం ఉందని చెప్పారు. మైలున్నర నడక. ఆత్మకూరుకు బస్సు రెండు గంటలకు. నా చేతిలో గంటన్నర ఉంది.

వెళ్ళేసరికి ఆటాయన ఇంట్లో లేడు, ఏదో ఊరికి ఆట మాట్లాడుకోవడానికి వెళ్ళాడు. ఆయన తల్లి ఉంది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. గుడిసెలో పొయ్యి ముందు కూర్చుని జొన్న సంగటి కెలుకుతోంది. పొయ్యికి పైన, వాసానికి తాళ్ళతో కట్టిన నిలువెత్తు పొడవు వెదురు గంప ఒకటి వేలాడుతోంది. మూతతో సహా మసి పట్టి నల్లగా నిగనిగలాడుతోంది.

"బొమ్మలు ఎక్కడున్నాయవ్వా?"

ఆమె గరిటెతో పైకి చూపించింది. "ఆడనే. పైన ఉండాయి."

"పొగలోనా?"

"పొగలోనే. దింపేదానికి మావోడు రావాల. కూర్చో నాయనా, సంగటి తిని పో. మావోడొస్తే విప్పి చూపిస్తాడు, అన్నీ చెప్తాడు."

నేను గడియారం చూసుకున్నాను. రెండు గంటల బస్సు. ఆ గంప లోపల ఏముందో చూడలేదు. అక్కడెందుకు కట్టారని ఆ అవ్వను అడగలేదు. ముసలామెకు ఏం తెలుసులే అనుకున్నాను. ఇదీ రాస్తున్నాను, దాచడం లేదు. పక్క వీధిలో పెద్ద అరుగున్న ఇంటి యజమానిని అడిగి ఆ బొమ్మల వయసు, వాళ్ళ వంశం గురించి నాలుగు ముక్కలు రాసుకున్నాను. బస్సెక్కాక శీర్షిక తోచింది.

"పొగలో మగ్గుతున్న కళ" అని రాశాను. తాతముత్తాతల నాటి తోలుబొమ్మలు, మనిషి జుట్టు పట్టనంత సన్నటి ఉలి పని, పూరిగుడిసెలో పొయ్యి మీద మసిబారి నాశనమవుతున్నాయని రాశాను. అజ్ఞానం అన్న మాట వాడాను. ప్రభుత్వం వెంటనే వాటిని స్వాధీనం చేసుకుని భద్రపరచకపోతే భావితరాలు క్షమించవని ముగించాను. ఉలి పని సన్నగా ఉందని నాకెలా తెలుసు? చూడలేదు కదా. అట్టాంటివి అలాగే ఉంటాయని రాసేశాను.

ఆ వార్తకు పత్రికలో మూడు కాలమ్‌లు ఇచ్చారు. నా జీవితంలో అంతకుముందు ఎప్పుడూ ఒక కాలమ్ దాటలేదు.

ఆత్మకూరులో అప్పట్లో ఒక చిన్న సర్కారు ఆఫీసు ఉండేది. ఏ శాఖో చెప్పను. తర్వాత దాన్ని ఎత్తేశారు. పల్లెల చేతిపనులు బాగుచేయడం వాళ్ళ పని. దాని ఆఫీసరు గోదావరి వైపు నుంచి వచ్చిన మర్యాదస్తుడు, చదువుకున్నవాడు. నన్ను పిలిపించి నా వార్త కత్తిరింపును బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నది చూపించాడు.

"మీలాంటి వాళ్ళు రాయబట్టే కదండీ మాలాంటి వాళ్ళకు తెలిసేది. రేపే జీపులో వెళ్తున్నానండీ. మొత్తం బొమ్మలు తెచ్చేస్తాను. ముందు ఇక్కడ ప్రదర్శన పెడదాం. మంత్రిగారు వస్తారు. ఈలోగా అవి నా దగ్గర క్షేమంగా ఉంటాయండీ."

నేను పొంగిపోయాను. జీపులో వెంట వెళ్ళలేదు గానీ, వెళ్ళి తెచ్చాడని రెండో వార్త రాశాను. ముప్పై ఎనిమిది బొమ్మలు. ఆరు వారాల్లో ప్రదర్శన, ఆ తర్వాత వాళ్ళ వస్తువులు వాళ్ళకు. అలా చెప్పాడు, అలాగే రాశాను.

ప్రదర్శన జరగలేదు. మంత్రికి తీరిక దొరకలేదని ఒకసారి, ఎన్నికలేవో వచ్చాయని ఒకసారి, వాయిదా మీద వాయిదా వేశారు. నేను వేరే వార్తల్లో పడ్డాను. నిజం చెప్పాలంటే ఆ బొమ్మల సంగతే మరిచిపోయాను.

వైశాఖం మొదట్లో ఒక ఉదయం ఆత్మకూరు బస్టాండు పక్క కాఫీ హోటలు ముందు ఒక యాభై ఏళ్ళ మనిషి నన్ను ఆపాడు. తలపాగా, మెడలో పూసల దండ, చెప్పుల్లేని కాళ్ళు.

"పేపరాయన నువ్వేనా సామీ?"

"అవును. మీరు?"

"బొమ్మలోళ్ళం. ఉదయగిరి కొండ కింద. మా యమ్మ చెప్పింది నీ గురించి. సంగటి తినకుండా పోయినాడంట గదా, బస్సుందని."

నాకు మొహం చెల్లలేదు. లోపలికి తీసుకెళ్ళి కాఫీ ఇప్పించాను. ఆయన లోటా పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"ఇది ఆరోసారి సామీ రావడం. వచ్చినప్పుడల్లా ఆఫీసరు లేడంటారు. ఉంటే పనిలో ఉండాడంటారు. ఆషాడంలో ఆట ఒప్పుకోని ఉండాం. కొండాపురం పక్క ఊరు. వానాట."

వానాట అంటే ఆ వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వానలు పట్టకపోతే ఊరంతా కలిసి బొమ్మలాట ఆడిస్తారు. తొమ్మిది రాత్రులు. ఆడిన వాళ్ళకు ఏడాది పొడుగునా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గిరాకీ ఉంటుంది. మాట ఇచ్చి ఆడకపోతే, ఆ పైన వాన రాకపోతే, ఆ పాపం ఆటవాళ్ళ నెత్తిన పడుతుంది. ఇంకే ఊరూ పిలవదు.

"బొమ్మలు భద్రంగా ఉన్నాయని ఆఫీసరుగారు చెప్పారు. ఇనుప బీరువాలో పెట్టించారు. గాలి కూడా చొరబడదు" అన్నాను.

ఆయన లోటా కింద పెట్టాడు.

"గాలి చొరబడదా?"

"చొరబడదు."

"నువ్వట్టా నవ్వతా చెప్తా ఉండావేంది సామీ?" అన్నాడు. కోపంగా కాదు, అర్థం కానట్టు అడిగాడు. "పచ్చితోలు సామీ అది. తంగేడు చెక్కలో నానేసిన చెప్పులతోలు గాదు. వెలుతురు అవతలికి కనపడాలని పలచంగా గీకిన తోలు. దానికి గాలి తగలాల. వానాకాలం మెత్తబడి బూజు పడతాది. ఎండాకాలం బిగుసుకోని చుట్ట చుట్టుకుంటాది. ఎలకకైనా పురుగుకైనా అది తిండే. అందుకే గదా పొయ్యి మీద కట్టేది. పొగకు పురుగు రాదు. సెగకు తేమ నిలవదు."

"మరి మసి?"

"మసి గంపకు పట్టింది. బొమ్మకు యాడ పట్టింది? లోపల పాత చీరగుడ్డ, బొమ్మకూ బొమ్మకూ మధ్యన వేపాకు, మూలకొక వస కొమ్ము. నెలకొకసారి దింపి పొద్దు పొడవక ముందర నీడలో పరిచి, ఆముదం తడి గుడ్డతో ఒక్కసారి తుడవాల. రెండుసార్లు తుడిస్తే జిడ్డు. చుట్టుకున్న బొమ్మను చాప కింద పరిచి దాని మీద పడుకోవాల. నెల పట్టినా సరే. మా నాయన పడుకున్నాడు, నేను పడుకున్నాను. రేపు నా కొడుకులూ పడుకోవాల. ఇట్టా చేస్తేనే మూడు తరాలు నిలిచినాయి." ఆగి అన్నాడు: "విప్పి చూసి ఉంటే నీకే తెలిసిండేది."

పత్రికల్లో ఇన్నేళ్ళుగా నన్ను చాలామంది తిట్టారు. రాజకీయ నాయకులు తిట్టారు, కంట్రాక్టర్లు తిట్టారు. ఏదీ మనసులో ఉండలేదు. ఆ మనిషి తిట్టకుండా అన్న ఆ ఒక్క మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ రోజు నేను చేయవలసింది ఒక్కటే. లేచి, ఆయన్ను వెంటబెట్టుకుని వంద గజాల దూరంలో ఉన్న ఆఫీసుకు నడవడం. నడవలేదు. నడిస్తే ఆ ఆఫీసరు ముందు నా వార్త తప్పని ఒప్పుకోవాలి. అద్దం కింద పెట్టుకున్న కత్తిరింపు అది. ముందు పత్రికలో సవరణ వేయిస్తాను, అది చూపించి ఆఫీసరుతో మాట్లాడతాను అని ఆయనకు చెప్పాను. అది పద్ధతి అని కూడా చెప్పాను. ఆయన దండం పెట్టి ఉదయగిరి బస్సెక్కాడు.

సవరణ రాసి పంపాను. రాలేదు. మళ్ళీ పంపాను, రాలేదు. మూడోసారి పంపితే మద్రాసు నుంచి సహాయ సంపాదకుడి కార్డు వచ్చింది. వార్త పడి ఆరు నెలలైందనీ, అచ్చయిన దాన్ని మనమే కాదనుకుంటే పాఠకుడు దేన్ని నమ్ముతాడనీ రాశాడు. ఆఫీసరుగారి కృషి మీద ఫొటోతో వ్యాసం పంపితే ఆదివారం సంచికలో చూస్తామని చివర చేర్చాడు.

ఆ కార్డు చదివి చించి పారేశాను. అప్పుడు ఆయన మీద వచ్చిన కోపం నాకు అక్కరకు వచ్చింది, ఎందుకంటే నా మీద నాకు రావలసిన కోపం దాని చాటున దాక్కుంది. సవరణ పత్రికలోనే రావాలని ఎవరన్నారు? ఆఫీసరు వంద గజాల దూరంలో కూర్చుని ఉన్నాడు. నోటితో చెబితే చాలు. నేను కార్డులు రాస్తూ కూర్చున్న ఆ నెల రోజుల్లో రోహిణి కార్తె వచ్చింది. ఆత్మకూరులో రోహిణి కార్తె ఎండ ఎలా ఉంటుందో, రేకుల కప్పు కింద ఇనుప బీరువా ఎంత కాలుతుందో నేను వేరే చెప్పాలా?

కార్తె పోయే రోజుల్లో ఆటాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి తల్లిని కూడా తెచ్చాడు. కొండాపురం వైపు ఊరివాళ్ళు ఆట రోజు ఖాయం చేసి వెళ్ళారట. ముగ్గురం ఆఫీసుకు వెళ్ళాం. నన్ను చూశాడు కాబట్టి ఆఫీసరు లేడని బంట్రోతు అనలేకపోయాడు.

ఆఫీసరు లేచి నిలబడి ఆహ్వానించాడు. "సమయానికి వచ్చారండీ! బొమ్మల విషయం మీకు చూపించాలనే అనుకుంటున్నాను. మీరు మసి గురించి, పొగ గురించి రాశారు కదండీ. వానకు, తేమకు కూడా శాశ్వతంగా రక్షణ ఉండాలని మా కుర్చీలకు వార్నీషు వేసిన వడ్రంగి చేత అన్నిటికీ రెండు పూతలు వేయించాను. రెండు వైపులా!"

ఆటాయన నా వైపు తిరిగాడు. "ఏంది సామీ? ఏం పూసినారంట?"

నేను చెప్పే అవసరం రాలేదు. బంట్రోతు పక్క గదిలో బీరువా తలుపు తీశాడు. వార్నీషు కంపు, కలరా ఉండల కంపు కలిసి మొహాన కొట్టాయి.

బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మధ్యలో గుడ్డ లేదు, కాగితం కూడా లేదు. ఎండకు వార్నీషు కరిగి, రాత్రికి గట్టిపడి, మళ్ళీ కరిగి, మొత్తం ఒక చెక్కలా అయిపోయింది. బంట్రోతు పైదాన్ని పట్టుకుని లాగాడు. చర్రుమని చప్పుడైంది.

"లాగొద్దురా!" అని ఆటాయన అరిచాడు. అంత మెత్తటి మనిషి నోట ఆ అరుపు వస్తుందని నేను అనుకోలేదు. ఆట ఆడించే గొంతు అది. ఆఫీసులో అందరూ తలలు తిప్పారు.

అప్పటికే పై బొమ్మ, చెయ్యి చెక్కలోనే వదిలేసి, ఊడి వచ్చింది. కింది బొమ్మ మొహం మీది రంగు దానికి అంటుకుని వచ్చింది.

కింది అరలో పది తలల బొమ్మ ఉంది. ఆరడుగులు ఉంటుంది. ఒకే తోలు మీద పది మొహాలూ తొలిచినది. అరలో పట్టలేదని దాన్ని మడిచారు. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. పచ్చితోలును మడిస్తే ఏమవుతుందో ఆ ఆఫీసరుకు తెలియదు. మడత దగ్గర అప్పడంలా విరిగింది. ఐదు తలలు ఒకవైపు, ఐదు తలలు ఒకవైపు.

తల్లీ కొడుకూ వాళ్ళ ఇంటి భాషలో ఏదో మాట్లాడుకున్నారు. వాళ్ళలో వాళ్ళు వేరే భాష మాట్లాడుకుంటారు, నాకు రాదు.

అవ్వ నేల మీద కూర్చుంది. చెయ్యి ఊడిన బొమ్మను తీసుకుని కిటికీకి ఎదురుగా పట్టింది. ఆడబొమ్మ అది. మెడ నిండా నగలు, చీర నిండా పువ్వులు. నగ అంటే బొమ్మలో రంగు కాదు, చిల్లు. ఉలితో ఆవగింజంత చిల్లులు వరసగా తొలిస్తే వాటిలోంచి దీపం వెలుగు తెర మీద పడి నగ అవుతుంది. వార్నీషు ఆ చిల్లులన్నిటినీ పూడ్చేసింది. కిటికీలో అంత ఎండ ఉన్నా బొమ్మలోంచి వెలుతురు చుక్క కూడా రాలేదు.

ఆఫీసరు ఆమె వెనక వంగి చూశాడు. "చూడమ్మా, ఎలా మెరుస్తోందో! కొన్ని అతుక్కున్నాయనుకో, అవి విడదీయిస్తాను."

"మెరవాల్సింది బొమ్మ గాదు నాయనా. తెర."

"అది సరేనమ్మా. ఇక వందేళ్ళు చెదలు ముట్టవు."

"చెదలెందుకు, మేమూ ముట్టం" అంది అవ్వ.

అప్పుడు కూడా ఆ ఆఫీసరుకు అర్థం కాలేదు. నాకు అతని మీద ఇప్పటికీ తగ్గని కోపం అందుకే. తప్పు ఎవరైనా చేస్తారు. నేను అంతకంటే పెద్దది చేశాను. కానీ కళ్ళ ముందు తప్పు కనబడుతున్నా అతను సంతోషంగానే ఉన్నాడు. పని పూర్తయింది, బొమ్మలు భద్రంగా ఉన్నాయి, బీరువాకు తాళం ఉంది. వాటితో ఎవరో ఏదో పని చేసుకుంటారన్న ఆలోచనే అతని బుర్రలోకి రాలేదు.

ఆటాయన చేతులు జోడించాడు. "ఇయ్యండి సామీ, తీసకపోతాం."

"అలా కుదరదయ్యా. ఇవి ఇప్పుడు ప్రదర్శన సామాన్లు. పైనుంచి ఆర్డరు రావాలి."

"బాగుండేటివి అడిగితే ఆర్డరు లేదంటిరి. చచ్చినవాటికి గూడా ఆర్డరేనా? మనిషి పోతే శవాన్నన్నా ఇంటోళ్ళకు ఇస్తారు గదా సామీ!"

"కోపం తెచ్చుకోకు. నేనేం నా ఇంటికి తీసుకెళ్ళానా?"

నేను జేబులోంచి పెన్సిలు, పుస్తకం తీశాను. "మీ పూర్తి పేరు చెప్పండి సార్. ఇనీషియల్సుతో సహా" అన్నాను.

"ఎందుకండీ?"

"రేపటి వార్తకు."

ఒక్క నిమిషం పట్టింది. అతను బంట్రోతును పిలిచి బొమ్మలు బయట పెట్టించాడు. ఆర్డరు అవసరం లేకపోయింది. నా పత్రిక ఆ వార్త వేయదని నాకు తెలుసు, అతనికి తెలియదు. అంత చిన్న బెదిరింపుకు లొంగే మనిషి ఆరు నెలలు ఆ పేదవాణ్ణి బస్టాండు చుట్టూ తిప్పాడు. నెల ముందే నేను ఆ పెన్సిలు తీసి ఉంటే అందులో సగం బొమ్మలన్నా విడిగా వచ్చేవి.

రెండు రోజులు వాళ్ళు ఆత్మకూరులోనే ఒక చెట్టు కింద కూర్చుని తడిగుడ్డల ఆవిరితో విడదీయాలని చూశారు. నేనూ కూర్చున్నాను. తోలు పొరలు పొరలుగా ఊడి, మూడు నాలుగు బొమ్మల కట్టలుగా తెగడం తప్ప ఇంకొక్కటి కూడా విడిగా రాలేదు. ఆట ఒప్పుకున్నందుకు ఇచ్చిన తాంబూలాన్ని ఆటాయన ఒక మనిషి చేత కొండాపురం వైపు ఊరికి తిరిగి పంపించేశాడు. ఆ తర్వాత ఆయన్ను ఏ ఊరూ పిలవలేదు. రెండేళ్ళకు బద్వేలు రోడ్డు మీద కంకర కొడుతూ కనబడ్డాడు. ముప్పై ఎనిమిది బొమ్మలు చేయాలంటే ఎన్ని మేకతోళ్ళు, ఎన్ని జింకతోళ్ళు కావాలో, ఎన్ని ఏళ్ళు పడుతుందో ఆయనే లెక్క చెప్పాడు.

మూడో రోజు బండి కట్టుకుని సోమశిల వెళ్ళాం. అప్పటికి అక్కడ ఆనకట్ట లేదు. రెండు కొండల మధ్య పెన్న, ఆ ఎండల్లో ఇసుక మధ్య ఒక్క పాయగా, మోకాటి లోతున పారుతోంది. బొమ్మ పాడైతే పారేయరు వాళ్ళు. మనిషి పోయినట్టే స్నానం చేసి నదిలో కలుపుతారు. నేను రానక్కర్లేదేమో అన్నాను. "రావాల" అంది అవ్వ.

ఆటాయన మొదటి కట్ట తీసుకుని నీళ్ళలో వదిలాడు. అది మునగలేదు. మామూలుగా పచ్చితోలు నీళ్ళు పీల్చి, మెత్తబడి, నిమిషంలో అడుగుకు పోతుందట. ఇది తెప్పలా తేలింది. మెరుస్తూ తేలింది. నీటి నుంచి కాపాడడానికి వేసిన వార్నీషు మొట్టమొదటిసారి తన పని చేసింది. ఆయన ఒక రాయి తెచ్చి దాని మీద పెట్టి, రెండు చేతులతో కిందికి అదిమాడు. అదిమి అలాగే నిలబడిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

అవ్వ చెప్పింది. బొమ్మను వదిలేటప్పుడు ఎందుకు వదులుతున్నామో దానికి చెప్పాలి. 'కాలు అరిగింది, పోయిరా' అనో, 'తల చిరిగింది, ఇంక ఆడలేవు, పోయిరా' అనో చెప్పాలి. కారణం చెప్పకుండా పంపితే అది పోదు. వాళ్ళ తాతల నుంచీ ఇదే పద్ధతి.

"వీటికి కాలు అరగలేదు. తల చిరగలేదు" అన్నాడు ఆటాయన నీళ్ళకేసి చూస్తూ. "నేనేం చెప్పేది? అబద్ధం చెప్పి పంపలేను గదా."

అవ్వ నా వైపు చూసింది. "నువ్వు దిగు నాయనా. నువ్వు చెప్పు."

చెప్పులు విప్పి దిగాను. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఆటాయన పక్కకు జరిగి రాయి మీద నా చేతులు పెట్టించాడు. పొగ అనో, ఆఫీసరు అనో, ఎండ అనో చెబుదామనుకున్నాను. అవేవీ మొదటి కారణం కాదు.

"అడగకుండా రాసినాను" అన్నాను. "పోయిరా."

చేతుల కింద కట్ట కొంచెం కదిలి అడుగుకు ఆనింది. నేను రాయి వదలబోయాను.

"ఆగు" అంది అవ్వ. నీళ్ళలోకి దిగి, వంగి, ఆ కట్ట అంచును బొటనవేలితో తడిమింది. బొమ్మ తర్వాత బొమ్మ లెక్కపెట్టింది. "దీంట్లో నాలుగుండాయి. ఒక్కదానికే చెప్పినావు."

"అడగకుండా రాసినాను. పోయిరా."

ఆమె వేలు ఇంకో బొమ్మ మీదికి జరిగింది.

"అడగకుండా రాసినాను. పోయిరా."

"గట్టిగా చెప్పు నాయనా" అంది. "ఇంకా చాలా ఉండాయి."